తెర, డబ్బా ఒకటే అయితే రిపేరు ఎవరి చేతిలో?



పాడేరు ఏజెన్సీలో మా యువజన కేంద్రానికి రెండేళ్ల కిందట ఒక ఆల్-ఇన్-వన్ కంప్యూటర్ వచ్చింది. సన్నటి తెర, పక్కన డబ్బా లేదు, వైర్ల గోల లేదు. అందరం మురిసిపోయాం. మొన్నటి వానాకాలంలో ఒక రాత్రి ఉరుములు మెరుపులు, తెల్లారి చూస్తే ఆన్ అవలేదు. మండల కేంద్రంలో రిపేర్లు చేసే తమ్ముడు అటూ ఇటూ తిప్పి చూసి, "అన్నా, దీన్ని విప్పితే తెర పగిలిపోద్ది, నేను ముట్టుకోను" అన్నాడు. ఇక విశాఖే దిక్కు. వంద కిలోమీటర్ల పైచిలుకు, ఘాట్ రోడ్డు, బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాం. మదర్‌బోర్డు పోయింది, ఆ మోడల్ బోర్డు పైనుంచి రావాలి అన్నారు. తిరిగొచ్చేసరికి 47 రోజులు.

ఆ 47 రోజులు మాకెందుకు బరువయ్యాయో చెప్పాలి. అటవీ హక్కుల చట్టం 2006 ప్రకారం గ్రామసభ తీర్మానం మీద గానీ, సబ్-డివిజనల్ కమిటీ నిర్ణయం మీద గానీ పైకి వెళ్లాలంటే గడువు 60 రోజులే. రెండు కుటుంబాల పోడు క్లెయిముల అప్పీలు, జీపీఎస్‌తో గీసిన పటాలు అన్నీ అందులోనే ఉండిపోయాయి. అప్పీలు చేత్తో మళ్లీ రాసి గడువులోపు ఇచ్చాం. పటాలు మాత్రం జత చేయలేకపోయాం. పెన్‌డ్రైవ్‌లో కాపీ పెట్టుకోకపోవడం మా తప్పే, ఒప్పుకుంటున్నాం.

కానీ అదే మామూలు డబ్బా కంప్యూటర్ అయ్యుంటే? రెండు స్క్రూలు విప్పి హార్డ్‌డిస్క్ బయటికి తీసి, ఇంకో కంప్యూటర్‌కి తగిలిస్తే ఆ సాయంత్రానికే కాగితాలు చేతికొచ్చేవి. డబ్బాలో ఎక్కువగా పోయేది ఎస్ఎంపీఎస్. అది ఏ కంపెనీదైనా చాలావరకు ఒకే కొలత, చిన్న ఊళ్లో కూడా దొరుకుద్ది. మానిటర్ పోతే మానిటర్ ఒక్కటే మారుస్తాం. ఆల్-ఇన్-వన్‌లో బోర్డు ఆ మోడల్‌కే సరిపోయేలా కోసి పెడతారు. బోర్డు చచ్చిందంటే, బయటి నుంచి వీడియో తీసుకునే పోర్టు లేని మోడళ్లలో బాగున్న తెర కూడా గోడకి ఆనించిన అద్దమే. 2021లో వచ్చిన 24 అంగుళాల ఐమ్యాక్‌లో ర్యామ్ చిప్‌లోనే కలిసిపోయి ఉంటుంది, స్టోరేజీ బోర్డుకే అతికించి ఉంటుంది. తర్వాత పెంచుకుందాం అంటే కుదరదు. అంతకు ముందు 27 అంగుళాల దానికి ర్యామ్ మార్చుకోడానికి వెనక చిన్న తలుపు ఉండేది. అంటే చేయలేక కాదు.

మంచి కూడా చెప్పాలి. ఆల్-ఇన్-వన్ కరెంటు తక్కువ తాగుతుంది, సోలార్ మీద, చిన్న యూపీఎస్ మీద ఎక్కువసేపు నిలబడుతుంది. అడాప్టర్ బయట ఉండేదైతే అది కాలినా మార్చడం తేలిక. థింక్‌సెంటర్ టైనీ-ఇన్-వన్ లాంటివి ఉన్నాయి, తెర వెనక చిన్న కంప్యూటర్‌ని దూర్చుతారు, పాడైతే లాగేస్తారు. మాకు నచ్చిన దారి అది, లేదంటే చిన్న డబ్బా, విడి మానిటర్.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, కొనేముందు అమ్మేవాణ్ణి అడగండి: వెనక మూత స్క్రూలతో వస్తుందా, జిగురుతో అతికించారా? ర్యామ్, డిస్క్ మార్చొచ్చా? తెరకి హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ ఉందా? ఆన్-సైట్ వారంటీ మన పిన్‌కోడ్‌కి వర్తిస్తుందని బిల్లు మీద రాసిస్తావా? ఈ చివరి ప్రశ్నకే చాలామంది నీళ్లు నములుతారు.

పెసా చట్టం 1996, సెక్షన్ 4 చూడండి. పంచాయతీ పథకాలు గ్రామసభ ఆమోదం పొందాలి, ఖర్చయిన నిధులకు వినియోగ ధ్రువీకరణ ఇచ్చేదీ గ్రామసభే. రోడ్డుకీ బోరుకీ అడిగినట్టే కంప్యూటర్‌కీ అడగొచ్చు. మా పంచాయతీలో ఇంకో రెండు కంప్యూటర్లు కొనే ప్రతిపాదన వచ్చింది. కాగితం తెప్పించి చూస్తే రెండూ ఆల్-ఇన్-వన్‌లే. వచ్చే గ్రామసభలో లేచి మాట్లాడతాం.