స్కానర్ చూపిస్తుంది సరే, ఆ తర్వాత?

మన విమానాశ్రయాల్లో ఆడవాళ్ల తనిఖీ ఇప్పటికీ చాలాచోట్ల పాత పద్ధతిలోనే సాగుతోంది. తెర చాటున ఇరుకు గది, నిలబడటానికి చెక్క పీట, చేతులు చాచమనే మహిళా సిబ్బంది, ఒంటి చుట్టూ తిప్పే మెటల్ డిటెక్టర్. జాకెట్టు హుక్కులకీ, నల్లపూసలకీ, పట్టీలకీ అది కుయ్‌మంటుంది. ఆపైన చేత్తో తడమడం. ఇంతా చేసి ఆ పరికరం పసిగట్టేది లోహాన్ని మాత్రమే.

ఈ లోపం ఎంత ప్రమాదకరమో 2009 క్రిస్మస్ నాడు తెలిసొచ్చింది. నైజీరియా యువకుడు ఉమర్ ఫరూక్ అబ్దుల్‌ముతల్లబ్ లోదుస్తుల్లో పీఈటీఎన్ అనే పేలుడు పదార్థం కుట్టించుకుని ఆమ్‌స్టర్‌డామ్‌లో డెట్రాయిట్ విమానమెక్కాడు. మెటల్ డిటెక్టర్ కిమ్మనలేదు. బాంబు సరిగా పేలకపోవడం, తోటి ప్రయాణికులు అతన్ని ఒడిసిపట్టుకోవడం వల్ల దాదాపు 290 మంది బతికి బయటపడ్డారు.

మిల్లీమీటర్ తరంగాల స్కానర్లకు గిరాకీ పెరిగింది ఆ తర్వాతే. ఈ రేడియో తరంగాల పొడవు సుమారు 1 నుంచి 10 మిల్లీమీటర్లు. నూలు, పట్టు వీటికి అడ్డుకావు. నీటి శాతం ఎక్కువున్న చర్మం మాత్రం వీటిని వెనక్కి కొడుతుంది. మధ్యలో కత్తి ఉన్నా, ప్లాస్టిక్ ముక్క ఉన్నా, పొడి పొట్లం ఉన్నా తిరిగొచ్చే తరంగంలో తేడా పడుతుంది. రెండు మూడు సెకన్లలో కంప్యూటర్ ఆ తేడాను బొమ్మగా మారుస్తుంది. ఎక్స్‌రేలా అయనీకరణ ముప్పు లేదు. అయితే చర్మం దాటి లోపలికి పోలేవు కాబట్టి, మింగిన వస్తువును ఇవి చూడలేవు.

మొదట్లో స్కానర్లు ఒంటి ఆకృతిని ఉన్నదున్నట్టు చూపి రభసకు దారితీశాయి. ఇప్పుడు తెరపై అందరికీ ఒకే రేఖాచిత్రం కనిపిస్తుంది. అనుమానం ఉన్నచోట పసుపు గడి వెలుగుతుంది. ఇలా మార్చలేకపోయిన ఎక్స్‌రే స్కానర్లను అమెరికా 2013లో విమానాశ్రయాల నుంచి తీసేసింది.

అసలు చిక్కు ఆ గడితోనే. 2010-11లో జర్మనీలోని హాంబర్గ్ విమానాశ్రయంలో పరీక్షిస్తే, బట్టల మడతలకూ చెమటకూ కూడా యంత్రం బెదిరింది. తప్పుడు హెచ్చరికలు మితిమీరడంతో అప్పటికి ఆ ప్రయత్నాన్ని పక్కనపెట్టారు. కోటు మడతకే తడబడే యంత్రం ఆరు గజాల చీర కుచ్చిళ్ల ముందు, పంచె కట్టు ముందు ఏం చేస్తుందో మనం ముందే తేల్చుకోవద్దూ?

దేశంలో 84 విమానాశ్రయాల్లో ఏడాదిలోగా బాడీ స్కానర్లు పెట్టాలని పౌర విమానయాన భద్రతా బ్యూరో 2019 ఏప్రిల్‌లో ఆదేశించింది. 2025లోనూ ఢిల్లీ విమానాశ్రయంలో ట్రయల్స్ కబుర్లే విన్నాం. ఆలస్యం ఎలాగూ జరిగింది. కనీసం దాన్ని సద్వినియోగం చేసుకోవాలి.

యంత్రం వస్తే అవమానం తప్పుతుందనుకోవడం భ్రమ. ‘మయూరి’ సినిమాతో తెలుగువారికి దగ్గరైన నటి సుధా చంద్రన్, విమానాశ్రయాల్లో ప్రతిసారీ కృత్రిమ కాలు విప్పమంటున్నారని 2021 అక్టోబరులో ప్రధానికి వీడియోలో మొరపెట్టుకున్నారు. విమానాశ్రయాల భద్రత చూసే సీఐఎస్‌ఎఫ్ క్షమాపణ చెప్పింది. మిల్లీమీటర్ తరంగాలకు కూడా ఆ కాలు అనుమానాస్పద వస్తువే. గడి అక్కడా వెలుగుతుంది. కాలు విప్పించాలా, పేలుడు పదార్థాల ఆనవాళ్ల కోసం పైన తుడిచి పరీక్షిస్తే చాలా అన్నది తేల్చాల్సింది నిబంధన.

అందుకే కొనుగోలుతో పాటే నాలుగు విషయాలు రాతపూర్వకంగా రావాలి. చీర, పంచె, తలపాగా, బురఖా వేసుకున్నవారిపై ట్రయల్ చేసి, తప్పుడు హెచ్చరికల శాతాన్ని బయటపెట్టాలి. గడి వెలిగితే ఆ చోటును మాత్రమే, అదీ చాటుగా, ప్రయాణికులు కోరిన స్త్రీ లేదా పురుష సిబ్బందే చూడాలి. కృత్రిమ అవయవాలను విప్పించడం ఆఖరి మార్గం కావాలి. స్కానర్ వద్దనుకునేవారికి చేతి తనిఖీ కోరే హక్కుండాలి. ఈ నిబంధనలు సిబ్బంది శిక్షణ పుస్తకంలోనే కాక, తనిఖీ వరుస మొదట్లో తెలుగు సహా స్థానిక భాషల బోర్డు మీదా ఉండాలి.