తుపానుకీ తుంపరకీ తేడా లేదా?

మబ్బు పట్టగానే మన పెద్దలకి ముందు గుర్తొచ్చేది ఆడపిల్లల ఆటే. "వానొచ్చేలా ఉంది, సాఫ్ట్‌బాల్ మానేద్దాం" అంటారు. పక్కనే మగపిల్లల కబడ్డీ మాత్రం బురదలో సాగుతూనే ఉంటుంది. వాళ్ళకి జలుబు చెయ్యదు కాబోలు!

ఉద్దానానికి వాన కొత్తా, చెప్పండి? జీడితోటల్లో తల్లులు తడుస్తూనే పని చేసుకుంటారు. కూతురు గంటసేపు తడిస్తే కరిగిపోతుందా? బంతి చేజారితే తుడుచుకుంటుంది. నేల మరీ జారుతుంటే కాసేపు ఆగుతుంది.

నిజంగా ఆపాల్సింది ఉరుము వినబడ్డప్పుడు. ఉరుము వినబడిందంటే పిడుగు మనదాకా రాగలదన్నమాటే. అప్పుడు పిల్లల్ని చెట్టుకిందకి కాదు, పక్కా గదిలోకి పంపాలి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. ఇక తుపాను హెచ్చరిక ఉంటే ఆట ఊసే వద్దు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటి, కొబ్బరిచెట్లని వేళ్ళతో సహా కూల్చేసింది. అది చూసిన మనకి తుంపరంటే భయమా?

సరే, మానేస్తే మానెయ్యండి. ఆ కబురేదో ముందురాత్రే చెప్పండి. మందస నుంచో వజ్రపుకొత్తూరు నుంచో పిల్ల చద్దన్నం తిని, మొదటి బస్సెక్కి టెక్కలి చేరాక "ఇవాళ లేదమ్మా" అంటే ఎలా? రెండోసారి బస్సు చార్జీ ఇంట్లో ఎవరిస్తారు? "ఆడపిల్లకి ఆటలేటి?" అని ముందే అడ్డుపడ్డ నాన్నగారా?

అమ్మలూ, ఈసారి "వాయిదా" అంటే ఊరుకోకండి. ఏ తేదీకో అక్కడే అడిగి రాయించుకోండి.