సరస్వతి పటం ముందు మా పిల్ల హాల్ టికెట్టు

పదో తరగతి పరీక్షలకు వారం ముందు ఓ సర్కారు హైస్కూల్లో సరస్వతి పూజ చేశారు. పిల్లలందరి హాల్ టికెట్లూ పటం ముందు పెట్టించారు. కొబ్బరికాయలకూ పూలకూ తలకింత అని చందా. మా పేట పిల్ల ఒకతి, 'మేం చర్చికి పోతాం సార్, పక్కన నిలబడతాను' అంది. 'నీ కులం సర్టిఫికెట్లో హిందూ అని ఉందిగా! రిజర్వేషనుకు హిందువు, దండానికి కిరస్తానమా?' అన్నాడు పంతులు. పిల్ల తల దించుకుని దండం పెట్టింది.

అది భక్తితో పెట్టిన దండం కాదు, భయంతో పెట్టింది. ఆ భయం ఎవరిచ్చింది?

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఇచ్చింది. హిందువు కానివాడు షెడ్యూల్డ్ కులం వాడు కాడని మూడో పేరాలో రాశారు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు. చర్చికి పోయే మాల మాదిగలకు నేటికీ లేదు. మన దగ్గర వాళ్లను బి.సి.-సి అని ఒక్క శాతంలోకి తోశారు. గుళ్లోకి రానివ్వని మతం పేరు కాగితం మీద రాసుకోక తప్పని గతి మాకు పట్టించింది మీ చట్టమే. ఇప్పుడా కాగితమే చూపి మా పిల్ల చేత దండం పెట్టిస్తారా?

రాజ్యాంగం 28వ అధికరణం చదవండి పంతులుగారూ! పూర్తిగా సర్కారు డబ్బుతో నడిచే బడిలో మతబోధ కూడదు. సర్కారు గుర్తింపో సాయమో ఉన్న బడిలోనైనా, మైనరు పిల్లల్ని పూజకు పిలవాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. సాయం పొందే బడికే ఇంత కట్టుంటే సర్కారు బడికి ఎంత ఉండాలి? మా సమ్మతి ఎన్నడైనా అడిగారా?

1985లో కేరళలో ముగ్గురు పిల్లలు జాతీయగీతం వేళ గౌరవంగా లేచి నిలబడ్డారు. తమ విశ్వాసం ఒప్పుకోదని పాడలేదు. బడి నుంచి గెంటేశారు. 1986లో సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసింది మన తెలుగువాడు జస్టిస్ చిన్నపరెడ్డి. జాతీయగీతానికే నోరు విప్పమని బలవంతం కూడదంటే, కొబ్బరికాయ దగ్గర చేతులు జోడించమని బలవంతమేమిటి?

'చదువుల తల్లే గదా' అంటారు. బాల భీమరావు తరగతిలో విడిగా గోనెపట్టా మీద కూర్చున్నాడు. ప్యూను పొయ్యకపోతే మంచినీళ్లు లేవు. ఆనాడు ఏ చదువుల తల్లి అడ్డమొచ్చింది?

అన్ని మతాల గురించీ పాఠం చెప్పండి, వద్దనం. పాఠం వేరు, పూజ వేరు. ఈ మాట మిషన్ బడులకూ చెబుతున్నాం. ఇష్టం లేని పిల్లను బైబిలు ప్రార్థనలో నిలబెట్టడమూ తప్పే.

పేటల్లోని అమ్మలారా, అయ్యలారా! 'మా పిల్లలు బడిలో పూజలో పాల్గొనడానికి మాకు సమ్మతి లేదు' అని కాగితం రాయండి. సంతకం రాకపోతే వేలిముద్ర వేయండి. మీది ఏ మతమో రాయొద్దు. 28వ అధికరణం మతం అడగదు, సమ్మతే అడుగుతుంది. హిందువైనా వద్దనొచ్చు, దేవుణ్ణి నమ్మనివాడైనా వద్దనొచ్చు. ఒక్కరే పోతే పిల్ల మీద కక్ష కడతారు. పదిమంది కలిసి పోయి హెడ్మాస్టరుకు ఇచ్చి, నకలు మీద సంతకం పెట్టించుకోండి. పూజకు పైసా చందా ఇవ్వొద్దు.

1950 ఉత్తర్వులో ఆ మూడో పేరా పోయేదాకా కొట్లాడదాం. అందాకా మా పిల్లలకు హాల్ టికెట్టు పరీక్ష రాయడానికే, దండాలు పెట్టడానికి కాదు.

జై భీమ్!