ముందు నోటితో పాడగలిగేదే వాయిద్దాం

తెలుగు డిపార్ట్‌మెంట్ గోడపత్రికలో గిటార్ గోల ఏమిటని అడిగేవాళ్లు ఉంటారని తెలుసు. అందుకే జవాబు ముందే పెట్టుకున్నాను. 1939లో 'ఫిడేలు రాగాల డజన్' వేసిన పఠాభి మన బెంగళూరు మనిషే అయిపోయారు. కన్నడంలో 'సంస్కార' (1970) సినిమా తీసింది ఆయనే. ఆయన కొడుకు కోణార్క్ రెడ్డి ఈ ఊళ్లో పేరున్న గిటారిస్టు. తండ్రి పుస్తకం పేరులో ఫిడేలు, కొడుకు చేతిలో గిటారు. కాబట్టి మనకీ కొంచెం హక్కుందనుకుంటున్నా.

ఇక విషయానికొస్తా. పోయిన వారం ఫస్టియర్ అమ్మాయి ఒకామె మెట్ల దగ్గర ఆపి అడిగింది. "అక్కా, గిటార్ మొదలుపెట్టి నాలుగు నెలలైంది. కార్డ్స్ వస్తున్నాయి. మొదట ఏ సోలో నేర్చుకోవాలి?" నేను నోరు తెరిచేలోపే పక్కన కూర్చున్నవాళ్లు ముగ్గురు ఒకేసారి "హోటల్ కాలిఫోర్నియా!" అన్నారు. ఆ పిల్ల తలూపి ఫోన్‌లో రాసుకుంది. నాకు గుండె జారిపోయింది. ఎందుకంటే రెండేళ్ల క్రితం నేనూ సరిగ్గా అలాగే రాసుకున్నా.

మా ఏరియాలో ఒక గిటార్ క్లాసుకి వెళ్లేదాన్ని. బ్యాచ్‌లో నలుగురు అమ్మాయిలం, ముగ్గురు అబ్బాయిలు. మూడో నెలలో సార్ అబ్బాయిలకి సోలో ట్యాబ్‌లు ప్రింట్ తీసి ఇచ్చారు. మాకు మాత్రం ఇంకో నాలుగు పాటల కార్డ్స్. అదేంటి సార్ అంటే, "మీరు పాడతారు కదమ్మా, మీకు స్ట్రమ్మింగ్ చాలు" అన్నారు. కోపంగా కూడా కాదు, చాలా ఆప్యాయంగా అన్నారు. అమ్మాయి పాడుతుంది, పక్కన అబ్బాయి సోలో కొడతాడు. ఇదేదో ప్రకృతి ధర్మం అయినట్టు. అమెరికాలో సిస్టర్ రోసెట్టా థార్ప్ అనే ఆవిడ చర్చి పాటలు పాడుతూ, మధ్యలో ఎలక్ట్రిక్ గిటార్ మీద సోలోలు కొట్టింది 1940లలోనే. అప్పటికి రాక్ అన్న సంగీతమే ఇంకా పూర్తిగా పుట్టలేదు. ఈ సంగతి నాకు అప్పుడు తెలిసుంటే సార్‌కి చెప్పేదాన్ని. తెలీదు. కాబట్టి పంతం పట్టాను. నేర్చుకుంటే అన్నిటికంటే కష్టమైనదే నేర్చుకుని చూపిస్తా అనుకున్నా.

ఈగల్స్ వాళ్ల ఆ పాట చివరి సోలో దాదాపు రెండు నిమిషాలు. ఇద్దరు వాయించారు, డాన్ ఫెల్డర్, జో వాల్ష్. ఒకళ్లకొకళ్లు జవాబు చెప్పుకుంటూ చివర ఇద్దరూ కలుస్తారు. ఇద్దరివీ ఎలక్ట్రిక్ గిటార్లు. నేనొక్కదాన్ని, నాది సెకండ్ హ్యాండ్ అకూస్టిక్. నాలుగు నెలలు వేళ్ల చివర్లు కాయలు కాచేలా వాయించా. కల్చరల్స్ సెలెక్షన్ రోజున నాలుగో వరసలోనే దారి తప్పాను. కార్డ్స్ వాయిస్తున్న ఫ్రెండ్ పాపం కాసేపు ఆగి, నాకోసం మళ్లీ మొదలెట్టింది. మళ్లీ అక్కడే తప్పాను. వెనక నుంచి చప్పట్లు వచ్చాయి, జాలి చప్పట్లు. తిట్టినా బాగుండేది. ఇంటికెళ్లి గిటార్‌ని బీరువా మీద పెట్టేశా. ఐదు నెలలు అక్కడే ఉంది.

మన ఊరికి రాక్ పిచ్చి ఈనాటిది కాదు. ప్యాలెస్ గ్రౌండ్స్‌లో 2007లో ఐరన్ మెయిడెన్, 2011లో మెటాలికా వాయించిన కథలు ఇక్కడి అన్నయ్యలు ఇప్పటికీ చెప్తూనే ఉంటారు. ఆ పిచ్చి మంచిదే. కానీ దాంతో పాటు ఒక రోగం కూడా అంటింది. సులువైన సోలో వాయిస్తే చిన్నతనం అనుకోవడం.

మా అమ్మది కన్నడం, నాన్నది చిత్తూరు వైపు తెలుగు. అమ్మ చిన్నప్పుడు సంగీతం నేర్చుకుంది. పండక్కి ఇల్లు దులిపేటప్పుడు గిటార్ కిందికి దింపితే, ఊరికే ఒళ్లో పెట్టుకుని మైనర్ పెంటాటోనిక్ ఐదు స్వరాలు మెల్లగా వాయిస్తున్నా. అమ్మ వంటింట్లోంచి "ఇదు శుద్ధ ధన్యాసి అల్వేనే?" అంది. నిజమే, అవే స్వరాలు. యూట్యూబ్‌లో నేను 'స్కేల్' అని బట్టీ పట్టింది అమ్మకి రాగం. ఆ రోజు అమ్మ చెప్పింది విన్నాక నాకు బుర్ర తిరిగింది. పురందరదాసు పెట్టాడని చెప్పే పద్ధతిలో సరళీ వరసలు, జంట వరసలు, అలంకారాలు, తర్వాత గీతాలు. మొదటి నెలలో పంచరత్న కృతి పట్టుకునే పిల్ల ఎవరూ ఉండరు. గీతం వచ్చిన పిల్ల చుట్టాల ముందు సిగ్గు లేకుండా, గర్వంగా పాడుతుంది. మన గిటార్ వాళ్లకి ఆ మెట్లే లేవు. నేల మీద నుంచి ఒక్కసారిగా డాబా మీదికి ఎగరాలి.

సరే, మెట్టు ఎలా ఎంచుకోవాలి? నా మాట ఇది. గిటార్ ముట్టుకోకుండా ఆ సోలోని 'తననా' అంటూ మొదటి నుంచి చివరిదాకా నోటితో పాడి చూడండి. పాడగలిగితే అది మీ సోలో. పాడలేకపోతే వేళ్లు ఎక్కడికి వెళ్లాలో చెవికి తెలీదు, ట్యాబ్ అంకెలు చూసి టైపింగ్ చేసినట్టే ఉంటుంది. ఇది చిన్నపిల్లల చిట్కా కాదు. నిర్వానా వాళ్ల 'స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్' (1991) సోలోలో కర్ట్ కొబేన్ వాయించింది, అంతకుముందు తను పాడిన వరసనే. నీల్ యంగ్ 'సినమన్ గర్ల్' (1969) సోలోలో దాదాపు ఒకే స్వరాన్ని మళ్లీ మళ్లీ కొడతాడు! దాన్ని ఇప్పటికీ జనం ప్రేమగా తల్చుకుంటారు. ఒక్క స్వరం.

రెండోది మన చేతిలో ఉన్న గిటార్ ఏదో చూసుకోవడం. దీని గురించి ఎవరూ చెప్పరు, అందుకే నాకు కోపం. మనలో ఎక్కువమందివి అకూస్టిక్‌లు. వాటి మూడో తీగకి చుట్టు ఉంటుంది, లావు. ఎలక్ట్రిక్‌లో అదే తీగ సన్నగా, నున్నగా ఉంటుంది. తీగని పక్కకి లాగి స్వరం పెంచడాన్ని బెండ్ అంటారు, వీణలో లాగినట్టే. ఎలక్ట్రిక్ మీద వెన్నలా సాగే బెండ్ అకూస్టిక్ మీద వేలు కోసేస్తుంది. ఎరిక్ క్లాప్టన్ 'వండర్‌ఫుల్ టునైట్' (1977)ని ప్రతివాళ్లూ బిగినర్స్‌కి చెప్తారు. నెమ్మదిగా ఉంటుంది, స్వరాలు తక్కువ. కానీ దాని అందమంతా బెండ్‌లోనే ఉంది. లాగిన స్వరం రవ్వంత తగ్గినా అపశ్రుతి. నెమ్మది పాట కాబట్టి ఆ తప్పు ఇంకా బాగా వినపడుతుంది. సో, నెమ్మదిగా ఉన్నదల్లా సులువు కాదు. బెండ్‌లు ఎన్నున్నాయో లెక్కపెట్టి, ఒకటీ రెండూ మించితే పక్కన పెట్టేయండి. చెయ్యి నాలుగైదు ఫ్రెట్‌ల మధ్యే తిరిగేది చాలు.

'స్మోక్ ఆన్ ది వాటర్' మొదలు ఒకే తీగ మీద వాయించొచ్చు, తెలుసు. వాయించండి. అది రిఫ్, సోలో కాదు, అయినా తప్పులేదు.

నేను తిరిగి మొదలుపెట్టింది ఇంగ్లీషు పాటతో కాదు. మా ఇంట్లో భాషల తగువు ఇళయరాజా దగ్గర రాజీ పడుతుంది. అమ్మకి శంకర్ నాగ్ 'గీతా' (1981) పాటలు, నాన్నకి 'గీతాంజలి' (1989). నేను 'ఆమనీ పాడవే' పల్లవి ఒక్కొక్క స్వరంగా పట్టుకున్నా. వీడియోని ముప్పావు వేగంలో పెట్టుకుంటే శ్రుతి మారదు, ఆ సంగతి చాలామందికి తెలీదు. పది రోజులు పట్టింది. పది రోజుల తర్వాత నా దగ్గర మొదలూ చివరా ఉన్న ముక్క ఒకటి ఉంది. హాల్లో పేపర్ చదువుతున్న నాన్న పేపర్ దించకుండానే పాడటం మొదలెట్టారు. ఒక పాటని పూర్తిగా ముగించడం అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

నా క్లాస్‌మేట్ ఒకామె దీనికి ఒప్పుకోదు. "కష్టమైనదానితో తల కొట్టుకుంటేనే చెయ్యి తిరుగుతుంది" అంటుంది. తను అలాగే నేర్చుకుంది, బాగా వాయిస్తుంది కూడా. కాదనను. కానీ అలా తల కొట్టుకుని వదిలేసినవాళ్లు ఇలాంటి చర్చల్లో కనపడరు. వాళ్ల గిటార్‌లు బీరువాల మీద ఉంటాయి. అసలే "మీకు స్ట్రమ్మింగ్ చాలమ్మా" అనిపించుకుని వచ్చిన అమ్మాయి మొదటి సోలోలోనే ఓడిపోతే, ఆ సార్ మాటే నిజమనుకుంటుంది. నేను ఐదు నెలలు అలాగే అనుకున్నా.

ఆ ఫస్టియర్ అమ్మాయికి మర్నాడు కనపడి ఇదంతా చెప్పాను. మొహం చిన్నబుచ్చుకుంది. ఇంత చిన్నదా అనుకుని ఉంటుంది. నిన్న లంచ్‌లో మళ్లీ వచ్చింది. పీజీ డాబా మీద పల్లవి రెండో పాదం వాయిస్తుంటే మూడో స్వరం తప్పు పడుతోందట. ట్యాబ్ చూసి కాదు, విని కనిపెట్టింది.

శుక్రవారాలు లంచ్ అవగానే మేమిద్దరం డిపార్ట్‌మెంట్ వరండాలో ఉంటాం. గిటార్ లేకపోయినా పర్లేదు, నాది ఉంది. ఎడమ చేతి గోళ్లు మాత్రం కత్తిరించుకుని రండి.