క్యాంపస్‌లో జాగ్రత్తలు: గోడ మీద ఎన్ని, చేతల్లో ఎన్ని?

2021 ఫిబ్రవరి 1న తెలంగాణలో కాలేజీలు, యూనివర్సిటీలు మళ్లీ తెరుచుకున్నాయి. రెండు నెలలు కూడా తిరగలేదు. మార్చి 24 నుంచి వైద్య కళాశాలలు తప్ప మిగతా విద్యాసంస్థలన్నీ మళ్లీ మూతపడ్డాయి. ఇప్పుడు ఆ భయం లేదు. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని చెప్పేసింది. కానీ ఫ్లూ, టైఫాయిడ్, కామెర్లు, కండ్లకలక ఎక్కడికీ పోలేదు. వానలు మొదలై హాస్టళ్లు నిండితే చాలు, ఒకరి నుంచి ఒకరికి పాకుతాయి.

మన దగ్గర నిబంధనలకు కొదవ లేదు. 2020 నవంబరులో యూజీసీ ఇచ్చిన మార్గదర్శకాల్లో చాలా ఉన్నాయి. ఒకేసారి సగం మందికి మించి విద్యార్థులు ఉండకూడదు, హాస్టల్‌లో గది పంచుకోకూడదు, మాస్కు తప్పనిసరి అని అప్పట్లో చెప్పారు. కాగితం మీద అంతా బాగుంది. మరి ఎంతమంది పాటించారో ఎవరు లెక్కపెట్టాలి?

అమెరికాలో ఆ పని చేసి చూశారు. 2020 సెప్టెంబరు నుంచి నవంబరు వరకు ఆరు యూనివర్సిటీల్లో 17,200 మందిని గమనించారు. వాళ్లను ఏమీ అడగలేదు, ఊరికే చూసి రాసుకున్నారు. 85.5 శాతం మంది మాస్కు పెట్టుకున్నారు. పెట్టుకున్నవాళ్లలో 89.7 శాతం మందే సరిగ్గా పెట్టుకున్నారు. మొత్తం మీద సరైన పాటింపు 76.7 శాతం. అంటే మాస్కు తప్పనిసరి చేసిన చోట కూడా దాదాపు నలుగురిలో ఒకరు ముక్కు కింద వేలాడేసుకోవడమో, అసలు పెట్టుకోకపోవడమో జరిగింది.

ఇదే ప్రశ్న ఫారం ఇచ్చి అడిగితే జవాబు వేరేగా వస్తుంది. "చేతులు కడుగుతావా?" అంటే కడగను అని ఎవరు చెప్తారు? అందుకే ఆసుపత్రుల్లో కూడా చేతుల శుభ్రతను కళ్లతో చూసి లెక్కించడమే మేలైన పద్ధతిగా భావిస్తారు. అందులోనూ ఒక చిక్కుంది. ఎవరో చూస్తున్నారని తెలిస్తే మనిషి మారిపోతాడు. వార్డెన్ నిలబడితే అందరూ క్రమశిక్షణే, ఆయన వెళ్లగానే మామూలే. కాబట్టి చూసేది హడావుడి లేకుండా, రోజులో వేర్వేరు వేళల్లో, పేర్లు రాసుకోకుండా జరగాలి.

లెక్క తేలాక తొందరపడి పిల్లల్ని తిట్టడం కూడా తప్పే. మెస్‌లోకి వెళ్లిన వందమందిలో ముప్పై మందే చేతులు కడిగారనుకుందాం. అక్కడ సబ్బు ఉందా? నల్లాలో నీళ్లు వస్తున్నాయా? లేకపోతే ఆ డెబ్బై మంది తప్పు విద్యార్థులది కాదు, యాజమాన్యానిది.

మన సమాజానికి ఇంకో మాట గుర్తుంది. 2020లో మర్కజ్ పేరు చెప్పి ఒక వర్గం మొత్తాన్ని దోషిగా నిలబెట్టారు. అదే ఏడాది ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ జమాత్ సభ్యుల మీద కేసులు కొట్టేస్తూ, వారిని బలిపశువుల్ని చేసినట్టుందని తప్పుపట్టింది. అందుకే లెక్క పెట్టేది చేసిన పనిని, టోపీనో గడ్డాన్నో కాదు. నఖాబ్ వేసుకున్న అమ్మాయికి లోపల మాస్కు ఉందో లేదో చూసేవాడికి తెలియదు. అలాంటప్పుడు 'కనిపించలేదు' అని రాయాలి, 'పెట్టుకోలేదు' అని కాదు.

అలాగని మన వైపు అంతా సరిగ్గా ఉందనుకోకూడదు. పల్చని నఖాబ్ సర్జికల్ మాస్కులా పనిచేయదు. దగ్గు, జలుబు ఉంటే లోపల మాస్కు పెట్టుకోవాల్సిందే. ఐదు పూటలా వుజూ చేస్తున్నాం కదా అని ధీమా పడతాం. వుజూ నీళ్లతో చేస్తాం. టాయిలెట్‌కు వెళ్లొచ్చాక, అన్నం ముందు సబ్బు కూడా కావాలి. వుజూఖానాలో అందరూ ఒకే టవల్‌తో ముఖం తుడుచుకుంటే కండ్లకలకను మనమే పంచినట్టు.

ఇంట్లో పెద్దలదీ పాత్ర ఉంది. బిడ్డకు జ్వరమని ఫోన్ రాగానే "బస్సెక్కి వచ్చెయ్ బేటా" అంటాం. ఆ బస్సులో యాభై మంది, ఇంట్లో షుగర్ ఉన్న దాదీ. అంటువ్యాధి ఉన్న చోటికి వెళ్లవద్దు, ఉన్న చోటి నుంచి బయటికి రావద్దు అని ప్రవక్త (స) చెప్పిన మాట మనకు చిన్నప్పటి నుంచి తెలిసిందే. ముందు డాక్టర్‌కు చూపించి, అంటుకునే జబ్బో కాదో తెలుసుకుని అప్పుడు రమ్మనడం మేలు.

అడ్మిషన్ రోజు ఫీజు గురించి పది ప్రశ్నలు అడుగుతాం. వాటితో పాటు ఇంకో మూడు అడగండి. మెస్ దగ్గర సబ్బు ఉందా? జ్వరం వచ్చిన పిల్లలకు విడిగా గది ఉందా? నీళ్ల ట్యాంకు చివరిసారి ఎప్పుడు కడిగారు? సర్క్యులర్ చూపిస్తే ఆగిపోవద్దు. వెళ్లి కళ్లతో చూసి రండి.