పేగు కలిపిన పిమ్మట

పెద్దపేగు జబ్బుకు శస్త్రచికిత్స జరిగి, నెలల తరబడి పొట్టమీద సంచితో గడపినవారికి పేగును మరల కలిపిన దినము పండుగ వంటిది. సంచి పోయినది గనుక రోగి పూర్తిగా బాగైనట్లేయని ఇంటివారు తలంతురు. ఈ తలంపు సరికాదని మా యభిప్రాయము.

మలాశయము మలమును కొంతసేపు నిలిపియుంచు తిత్తి. కాన్సరు కారణమున దానిని కొంత తీసివేసినచో, దాని స్థానమునకు దించిన పేగు అంతగా సాగదు. బిగించు కండరములును, నరములును బలహీనపడవచ్చును. అందుచే దినమునకు పలుమార్లు పోవలసి వచ్చును, వచ్చినప్పుడు ఆగదు. పెక్కుమందికి మొదటి సంవత్సరములో ఈ బాధ క్రమముగా తగ్గును. కొందరికి ఆ పిమ్మటను నిలుచును. మలాశయమును తీయనివారికి సాధారణముగా బాధ తక్కువ.

మన యిండ్లలో జరుగుచున్నదేమి? వెంబకోట్టై నుండి సాత్తూరునకు బస్సెక్కుటకు జంకి, పెండ్లికి పోవుట మాని, ప్రయాణమునాడు పస్తుండి పెద్దలు కాలము గడుపుచున్నారు. వైద్యుడడిగినచో “బాగున్నది” అందురు. కొడుకు ప్రక్కన నిలిచియుండగా ఏ తల్లి నోరు విప్పును? ఇంట తెలుగులోనే చెప్పుకొనని సంగతిని ఆసుపత్రిలో తమిళమున చెప్పుట మరియు కష్టము.

మలాశయ కాన్సరుకు శస్త్రచికిత్స పొందినవారి బాధను కొలుచుటకు డెన్మార్కు పరిశోధకులు 2012లో ఐదు ప్రశ్నలను ప్రకటించిరి. మన మాటలలో వాని సారాంశమిది: వాయువును ఆపుకొనలేకున్నారా? పలుచని మలము అప్రయత్నముగా కారుచున్నదా? దినమునకెన్నిసార్లు పోవుచున్నారు? పోయివచ్చిన గంటలోపల మరల పోవలసివచ్చుచున్నదా? తోచినంతనే పరుగెత్తవలసివచ్చుచున్నదా?

వీనికి జవాబులను ఇంటనే తీరికగా అడిగి, కాగితముపై తమిళమున వ్రాసి వైద్యునికి ఇయ్యవలెను. ఆహారములో మార్పు, విరేచనములను అదుపుచేయు మాత్రలు, ఆసనపు కండరములకు వ్యాయామము, పేగును నీటితో కడుగు పద్ధతి మొదలగు మార్గములు కలవు. ఎవరికేది తగునో వైద్యుడే నిర్ణయింపవలెను. కడుపుబ్బి వాంతులగుచు వాయువైనను వెడలకున్నను, రక్తము పడినను, జ్వరము వచ్చినను వెంటనే ఆసుపత్రికి పోవలెను.

ఇంటివారికి మా మనవి: తల్లితో కూతురో కోడలో ఆసుపత్రికి పోవలెను. పెండ్లి జరుపువారు ఇట్టి చుట్టమునకు మరుగుదొడ్డి ఎచ్చటనున్నదో ముందుగనే మెల్లగా చూపవలెను. ఆ మాత్రపు ఆదరణ లభించినచో మన పెద్దలు మరల పందిటిలో మన నడుమ కూర్చుండగలరు.