బజ్జీల పొట్లానికి పోయే పత్రిక బడికెందుకు పోరాదు?

తిరుపతి: తెల్లవారి బస్సులో దిగిన పత్రిక పల్లె టీ అంగడికి చేరిన గంటలోనే పదిమంది చేతులు మారుతుంది. ఒకరు జిల్లా పేజీ లాక్కుంటే మరొకరు ధరల పట్టిక కోసం కాచుకుంటారు. చదవను రానివారు పక్కవారి చేత చదివించుకుంటారు. పొద్దెక్కేసరికి అదే కాగితం ముక్కలై బజ్జీల కింద పడుతుంది. ఆ అంగడికి కూతవేటు దూరంలో ఉన్న ప్రాథమిక పాఠశాలలో మాత్రం పత్రిక కనిపించదు. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లోని చాలా పల్లెల్లో పరిస్థితి ఇదే.

అచ్చుకాగితంలో తినుబండారాలు కట్టరాదని 2018 నాటి ఆహార భద్రతా నిబంధనలే చెబుతున్నాయి. సిరాలోని రసాయనాలు ఒంటికి చేటు. ఆ నిబంధనను పట్టించుకునే అంగళ్లు ఎన్నో చెప్పనక్కర లేదు. అది వేరే సంగతి.

ఇక్కడ చెప్పవలసింది పిల్లల చదువు గురించి. ఇంటింటికీ తిరిగి పిల్లల చేత చదివించి చూసే అసర్ సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 2018లో నూటికి 22 మంది పైచిలుకు. 2022 వచ్చేసరికి ఆ సంఖ్య 10కి పడిపోయింది. నడుమ కరోనా వచ్చి బడులు మూతపడిన మాట నిజమే. కాని కరోనాకు ముందు మాత్రం నూటికి 22 గొప్ప అంకె ఎట్లవుతుంది?

కంఠతా వేరు, చదవడం వేరు

ఈ అంకెలు చెబితే తల్లిదండ్రులు నమ్మరు. ‘మావాడు పుస్తకం గడగడా చదువుతాడే’ అంటారు. వారి మాటలోనూ అబద్ధం లేదు. వాచకంలోని పాఠాన్ని తరగతిలో ఇరవైసార్లు విన్న పిల్లవాడు వేలు అక్షరాల మీద పెట్టి, కళ్లు ఇంటి కప్పు మీద పెట్టి అప్పజెప్పగలడు. అదే పిల్లవాడికి నిన్నటి పత్రికలోని పెద్దక్షరాల శీర్షిక చూపితే రెండో మాట దగ్గర ఆగిపోతాడు. వాచకం ఏడాదంతా ఒకటే. పత్రిక రోజూ కొత్తది, దానిని కంఠతా పట్టడం ఎవరి తరమూ కాదు. పిల్లవాడికి చదవడం వచ్చిందా రాలేదా అన్నది తేల్చడానికి ఇంతకంటే చవకైన పరీక్ష లేదు.

అయితే ఆరేడేళ్ల పిల్లలకు వార్తలు చదివి వినిపించడం దండగ. వారికి కావలసింది అక్షరాలు, బొమ్మలు, అంకెలు. ఒకటో తరగతి వారికి ఒక శీర్షిక ఇచ్చి అందులో ‘మ’ ఎన్నిచోట్ల ఉన్నదో చుట్టూ సున్నా చుట్టమంటే ఆటలాగా చేస్తారు. తన పేరులోని అక్షరాలను వెతికి, కత్తిరించి, అట్టమీద అతికించమంటే ఇంకా ఉత్సాహం. ఫొటోను చూపి, దాని కింది మాటలు మూసి, ఇందులో ఏమి జరుగుతున్నదో చెప్పమంటే నోరు మెదపని పిల్లలు సైతం మాట్లాడతారు.

లెక్కలకైతే మన ప్రాంతపు పత్రిక బంగారు గని. తిరుమలలో నిన్న ఎంతమంది దర్శనం చేసుకున్నారో, ఎంతమంది తలనీలాలు సమర్పించారో, హుండీ ఆదాయం ఎన్ని కోట్లో రోజూ పత్రికలో వస్తుంది. వేలు, లక్షలు, కోట్లు అనే స్థానాలను నల్లబల్ల మీద నెలరోజులు చెప్పినా ఎక్కనిది అక్కడ తేలికగా ఎక్కుతుంది. పూర్వం చిత్తూరు జిల్లాలోనే ఉండి 2022 ఏప్రిల్ 4 నాటి విభజనలో వేరుపడిన మదనపల్లె టమోటా మార్కెట్టు ధరలు ఇంకొక పాఠం. 2023 జులైలో మొదటిరకం కిలో వంద రూపాయలు దాటినపుడు పెద్దలందరూ ఆ పట్టికనే చూశారు. హెచ్చు ధరలోంచి తగ్గు ధర తీసివేయమంటే నాలుగో తరగతి పిల్లవాడికి అది ఇంటి లెక్క.

2025 మామిడి కాపు సంగతి రైతులు మరచిపోలేదు. తోతాపురి ధర పడిపోగా కిలోకు 12 రూపాయలు దక్కేటట్లు, అందులో 8 రూపాయలు గుజ్జు ఫ్యాక్టరీలు, 4 రూపాయలు ప్రభుత్వం ఇచ్చేటట్లు ప్రకటన వచ్చింది. ఐదు టన్నులు తోలిన రైతుకు ఫ్యాక్టరీ నుంచి 40 వేలు, ప్రభుత్వం నుంచి 20 వేలు రావాలి. ఈ గుణకారం ఐదో తరగతిదే. ఆ లెక్క బడిలో చేసిన పిల్ల సాయంత్రం ఇంటికి పోయి ‘మనకెంత వచ్చింది నాయనా’ అని అడుగుతుంది.

చిక్కులు లేకపోలేదు. పత్రిక తెలుగు పిల్లల తెలుగు కాదు. ఒత్తుల మీద ఒత్తులు పడిన పొడుగాటి సమాసాలు పెద్దలకే కొరుకుడు పడవు. నగరి, సత్యవేడు, కుప్పం వైపు ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలకు మరీ కష్టం. నేర వార్తలు, శవాల ఫొటోలు చిన్నపిల్లల కంట పడరానివి. అన్నిటికంటే పెద్ద చిక్కు రాజకీయం. ఫలానా పత్రిక ఫలానా పార్టీది అని ఊళ్లో ముద్ర వేసి పెట్టారు. అయ్యవారు ఏ పత్రిక చేతబట్టినా రెండో వర్గం వారు బడి ముందు నిలబడతారేమోనని భయం. కనుక మొదటి పేజీ జోలికి పోకుండా ధరలు, వాతావరణం, ఆటలు, జంతువుల ఫొటోలు ముందురోజే కత్తిరించి పెట్టుకోవడం మేలు. ఐదు తరగతులకూ ఒక్కరే టీచరు ఉన్న బడిలో ఆ తీరిక ఎక్కడిదన్న ప్రశ్నకు తగిన జవాబు లేదు. పెద్ద తరగతి పిల్లల చేత కత్తిరింపజేయడం ఒక్కటే మార్గం.

ఋషివ్యాలీ అట్టముక్కలు

ఈ మార్గం మన ప్రాంతానికి కొత్త కాదు. మదనపల్లె దగ్గరి ఋషివ్యాలీలో 1987లో మొదలైన గ్రామీణ విద్యా ప్రయత్నం చుట్టుపట్ల పల్లెల్లో ఏకోపాధ్యాయ బడులు నడిపింది. అక్కడ వాచకం బదులు బొమ్మల గుర్తులతో అట్టముక్కలు తయారుచేసి, ఎవరి మెట్టు వారు ఎక్కేటట్లు పాఠాలను నిచ్చెనగా పేర్చారు. ఆ పద్ధతిని 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు తీసుకున్నాయి, తర్వాత తమిళనాడంతటా పాకింది. రాష్ట్రంలో 1980లలో బ్రిటన్ సాయంతో నడిచిన ప్రాథమిక విద్యా పథకం కూడా చుట్టూ దొరికే వస్తువులతోనే పాఠం చెప్పమన్నది. పత్రిక ముక్కను అట్టకు అతికిస్తే అదీ అటువంటి పాఠమే.

ఫ్రాన్సు దేశంలో ఫ్రేనే అనే పల్లె పంతులు మొదటి ప్రపంచయుద్ధంలో ఊపిరితిత్తులకు గాయమై గట్టిగా మాట్లాడలేకపోయేవాడు. 1920లలో ఆయన తరగతిలో చిన్న అచ్చుయంత్రం పెట్టి, పిల్లలు ఊరంతా తిరిగి చూసి వచ్చినది వారి చేతనే రాయించి అచ్చు వేయించాడు. ఇతర బడుల పిల్లలతో ఆ కాగితాలు ఇచ్చిపుచ్చుకున్నారు. మన పల్లెలో అచ్చుయంత్రం అక్కరలేదు. ఎవరి ఆవు ఈనింది, ఏ బోరులో నీళ్లు పడ్డాయి అని పిల్లలు పెద్ద కాగితం మీద రాసి గోడకు అంటిస్తే చాలు.

పట్టణాల్లోని ప్రైవేటు బడుల్లో పిల్లల కోసం వేరుగా వేసే ఆంగ్ల పత్రికలు చందా కట్టించి తెప్పిస్తున్నారు. పల్లె బడికి ఆ చందా కట్టేదెవరు?

దీనికి కొత్తగా డబ్బు పుట్టించనవసరం లేదు. గ్రామస్థులు కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల లెక్కన గ్రంథాలయ పన్ను కలిసి ఉన్నది. జిల్లా గ్రంథాలయ సంస్థ శాఖలకు పత్రికలు ఆ సొమ్ముతోనే వస్తాయి. చదివిన తర్వాత కట్టలు కట్టి తూకానికి వేయకుండా దగ్గరి ప్రాథమిక పాఠశాలలకు పంచవచ్చు. పిల్లలకు నేటి పత్రికే కావాలని లేదు, వారం పాతదైనా ‘మ’ అక్షరం ‘మ’ అక్షరమే. గ్రంథాలయం లేని ఊళ్లలో పంచాయతీ ఆఫీసు, పాల కేంద్రం, టీ అంగడి ఉన్నాయి. విద్యా కమిటీ సభ్యులు ఈ మాటను తీర్మానంగా రాసి పంపితే గ్రంథాలయ అధికారులు ఏదో ఒక జవాబు చెప్పవలసి వస్తుంది.

బడిలో కావలసిన సరుకు మొన తిరగని కత్తెరలు నాలుగు, మైదా ఉడికించిన జిగురు, పాత అట్టపెట్టెలు. సిరా అంటిన చేతులను మధ్యాహ్న భోజనానికి ముందు సబ్బుతో కడిగించాలి.